ఆరో అంతస్తు స్వామి

కిందటేడు సింగపూర్ వెళ్ళినప్పుడు, ఒక శనివారం పొద్దున, మా అక్క మనవణ్ణి వెంటబెట్టుకుని టోవా పాయో వైపున్న ఫైర్ స్టేషన్ చూడబోయాను. శనివారాలు అక్కడ తలుపులు బార్లా తీసి ఉంటాయి. ఎవరైనా లోపలికి వెళ్ళి బండ్లు చూడవచ్చు, పిల్లలు హెల్మెట్ పెట్టుకుని ఫొటో దిగవచ్చు. మావాడు ఎర్రబండి ఎక్కి, స్టీరింగు పట్టుకుని, ఇక దిగనన్నాడు. వాణ్ణి దింపే పని అక్కడి సిబ్బందికి వదిలేసి నేను గోడవారగా నిలబడ్డాను. తడి గొట్టాలు ఆరుతున్న వాసన, డీజిలు వాసన, వెనక వంటగదిలో ఎండురొయ్యల సంబల్ కారం వేగుతున్న వాసన. మూడూ కలిసి ముక్కుకు తగిలేసరికి నేను మళ్ళీ ఇరవై నాలుగేళ్ళ పిల్లనైపోయాను. అప్పట్లో నా కుర్చీ సరిగ్గా ఆ వాసనల మధ్య ఉండేది. నిప్పును ఆర్పడానికి కాదు, ఆర్పేవాళ్ళ కాగితాలను కంప్యూటరులోకి ఎక్కించడానికి.

కంప్యూటరు ముందు కాసేపు కదలకుండా కూర్చోగలిగిన ప్రతివాళ్ళనూ విమానం ఎక్కించిన రోజులవి. హైదరాబాదులో ఒక గదిలో మూడు నెలలు నేర్చుకుని, నాలుగో నెల సింగపూర్‌లో నిపుణులమయ్యేవాళ్ళం. నన్ను తెచ్చుకున్న కంపెనీ నన్ను ఆ ఫైర్ స్టేషన్‌కు అద్దెకిచ్చింది. నా చదువు సంగతి అంతే గానీ, నా అసలు చదువు వేరే. మా నాన్న తెనాలిలో సైన్సు మాస్టారు. ప్రతి ఆదివారం మా వసారాలో చర్చ జరిగేది. అధ్యక్షుడి ముందు స్టీలు గ్లాసు, చెంచా ఉండేవి. సమయం అయిపోగానే గ్లాసు మోగేది. దేవుడు, జాతకం, తద్దినం, ముహూర్తం, అన్నీ ఆ వసారాలో విచారణకు నిలబడి, శిక్ష పడి, వెళ్ళిపోయేవి. ఆడపిల్ల ముగ్గు ఎందుకు వేయాలి అన్న అంశం మీద నేను పన్నెండో ఏట మాట్లాడి గెలిచాను. గెలిచినందువల్ల నాకు ఈనాటికీ ముగ్గు వేయడం రాదు. వంట రాకముందే వాదన వచ్చిన మనిషిని పరాయి దేశంలో ఎవరింట్లో పెట్టినా ఆ ఇంటివాళ్ళకు కష్టమే. ఆ కష్టం అప్పలస్వామి అంకుల్ ఇంటికి వచ్చింది.

అప్పలస్వామి అంకుల్ ఆ స్టేషన్‌లో ఒక జట్టుకు పెద్ద. ఆయన తాతగారెప్పుడో విజయనగరం వైపునుంచి ఓడెక్కి వచ్చారట. మూడు తరాలు దాటినా ఇంట్లో ఆ తాతగారి తెలుగే నడిచేది, మధ్యలో మలయ్ మాటలూ తమిళం మాటలూ వేసుకుని. ఎవరో తెలుగమ్మాయి ఒంటరిగా వచ్చిందని తెలిసి, తన ఫ్లాటులో ఖాళీగా ఉన్న చిన్నగది నాకు ఇచ్చారు. పగలు ఆయన స్టేషన్, రాత్రి ఆయన ఇల్లు. ఇరవై నాలుగు గంటలు డ్యూటీ, ఆ తర్వాత రెండు రోజులు సెలవు, అలా మూడు జట్లు వంతులవారీగా తిరిగేవి. సెలవు రోజుల్లో కూడా ఆయన స్టేషన్‌లో ఉన్నట్టే ఉండేవారు. బూట్లు మంచం కింద బయటివైపు తిరిగి ఉండేవి. స్నానానికి వెళ్తూ ఎంతసేపు పడుతుందో చెప్పి వెళ్ళేవారు. అన్నం మాత్రం ఎవరో తరుముతున్నట్టు తినేవారు. స్టేషన్‌లో సగం ముద్ద నోట్లో ఉండగా గంట మోగడం ఆయనకు అలవాటు. ఇంట్లో గంట మోగకపోయేసరికి వెలితిగా ఉండేదేమో, తినడం అయ్యాక ఒకసారి తలుపు వైపు చూసేవారు.

స్టేషన్‌లో బండ్లు మనుషుల్లాగే ఉండేవి. నీళ్ళబండి ఇంటిపెద్ద కొడుకు. ఏ కబురొచ్చినా ముందు అదే వెళ్ళాలి. పొడవాటి నిచ్చెనబండి పెళ్ళికి వచ్చిన గొప్పింటి చుట్టం. దాన్ని నిలబెట్టడానికి చోటు చూడాలి, నాలుగు కాళ్ళూ చాపుకోవడానికి చదును చూడాలి, పైన కరెంటు దీపాలుండకూడదు, పక్కన చెట్టుండకూడదు. అంబులెన్సుకు క్షణం తీరిక ఉండేది కాదు. వీటన్నిటి మధ్యకు కొత్తగా ఒక పొట్టి ఎర్రబండి వచ్చింది, ఇరుకు సందుల్లోకీ ఎత్తు తక్కువ చోట్లలోకీ దూరేటట్టు. అందులో నలుగురు పడతారు. దానికి అప్పలస్వామి అంకుల్‌ను పెద్దగా వేశారు, రహీమ్ అనే మలయ్ సార్జెంటు ఆయన పక్కన. మిగిలిన సిబ్బందిలో సగంమంది, అక్కడ ప్రతి మగపిల్లవాడూ చేసి తీరాల్సిన దేశసేవ కోసం రెండున్నరేళ్ళు వచ్చిన కుర్రవాళ్ళు. వాళ్ళకు పని వచ్చేసరికి సేవ అయిపోయేది. మళ్ళీ కొత్తవాళ్ళు, మళ్ళీ మొదటినుంచి గొట్టం చుట్టడం.

నా పని ఆ పేటకు ప్రమాద ప్రణాళిక తయారు చేయడం. మాట పెద్దదే గానీ విషయం తేలిక. ఏ బ్లాకుకు ఏ పక్కనుంచి నిచ్చెన వేయవచ్చు, నీళ్ళు ఎక్కడ అందుతాయి, ఏ అంతస్తులో మెట్లకు ఏం అడ్డం ఉంది, కదల్లేని ముసలివాళ్ళు ఏ ఇంట్లో ఉన్నారు. జట్టు వాళ్ళు బ్లాకు బ్లాకూ ఎక్కి దిగి రాసుకొస్తే నేను కంప్యూటరులో పెట్టేదాన్ని. అలా పెడుతున్నప్పుడు నాకు తెలిసింది, ఆ నగరంలో మనుషులు లోపల ఎంత శుభ్రంగా ఉంటారో కారిడారులో అంత ధారాళంగా ఉంటారని. పాత సోఫాలు, చెప్పుల అరలు, సైకిళ్ళు, చనిపోయిన ఫ్రిజ్జులు, అన్నీ గుమ్మం బయటే నివాసం. నోటీసు వేస్తే తీస్తారు, నోటీసు చిరిగాక పెడతారు. నా తెరమీద ప్రతి బ్లాకులోనూ ప్రతి మెట్లదారి దగ్గరా ఎర్ర చుక్కలే. ఒక్కచోట మాత్రం చుక్క లేదు. మా బ్లాకు, మా ఆరో అంతస్తు.

ఆ మెట్లదారి ఖాళీగా ఉండటం మా ఇంట్లో ఒక మనిషికి ప్రాణం. అప్పట్లో ఆ పాత బ్లాకుల్లో లిఫ్టు అన్ని అంతస్తుల్లోనూ ఆగేది కాదు. మాది ఆరు, లిఫ్టు ఆగేది అయిదు. అంకుల్ వాళ్ళమ్మకు, అందరూ మామ్మ అనే ఆవిడకు, ఉబ్బసం, గుండె జబ్బు రెండూ ఉన్నాయి. ఆయాసం వచ్చిందంటే ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, ఒక వరస మెట్లు మోసుకుని దించి, అప్పుడు లిఫ్టు ఎక్కించాలి. మామ్మ మనిషి భారీ. నాలుగువైపులా నలుగురు పట్టాలి. ఒకసారి అలా మోస్తుంటే మెట్ల మొదట్లో పక్కింటి లిమ్ ఆంటీ సైకిలు అడ్డం వచ్చి, దాన్ని తాళం తీయించి జరిపేసరికి మామ్మ పెదవులు నీలం తిరిగాయట. నేను రాకముందు సంగతి. ఇంట్లో ఆ మాట ఎవరూ గొంతు పెంచి చెప్పేవారు కాదు.

నేను వచ్చేటప్పటికి ఆ చోట తులసి కుండీ ఉంది, మూలకు. దానిముందు మెట్ల మొదలంతా పరుచుకుని పెద్ద ముగ్గు. అంకుల్ భార్య పైడమ్మ ఆంటీ ప్రతి పొద్దునా కడిగి వేసేది. తమిళుల పక్కన తరాలుగా ఉన్నందువల్ల వాళ్ళు కోలం అనేవారు. నాకు మొదటిరోజే ఒళ్ళు మండింది. తెనాలి వసారాలో ఓడిపోయిన ముగ్గు సింగపూర్‌లో ఆరో అంతస్తు ఎక్కి కూర్చుందేమిటని. భోజనాల దగ్గర నా ప్రసంగాలు మొదలయ్యాయి. ఆడదాని పొద్దుటి వేళను పిండిలో కలిపి నేలమీద పోసే సంప్రదాయం గురించి, మొక్కను మొక్కగా చూడలేని మనస్తత్వం గురించి, రోజుకో కోణంలో మాట్లాడాను. ఆంటీ వింటూ నా కంచంలో చేప ముక్క వేసేది. మామ్మ తన గదిలోంచి, ఈ పిల్లకు ఎవరైనా గట్టిగా పెళ్ళి చేసెయ్యండని సలహా ఇచ్చేది. అంకుల్ తినేసి తలుపు వైపు చూసేవారు. కొన్ని వారాల తర్వాత ఒకరోజు, ముగ్గు బానిసత్వం అని నేను బల్ల గుద్దగానే, ఆంటీ గరిటె పక్కన పెట్టింది.

"నాకేటి బక్తి, పాపా? నాను గుడికెల్లి ఎన్నేళ్ళయిందో మీ అంకుల్నడుగు. హాకర్ సెంటర్లో కుర్చీ మీద టిష్యూ పేకెట్టు పెట్టి చోప్ సేసుకుంటారు కాదా? ఇదీ అంతే. బోర్డు పెడితే సైకిలెట్టేత్తారు. కోలం మీద ఎవుడెడతాడు? చీనావోడెట్టడు, మలయ్‌వోడెట్టడు. మామ్మ కుర్చీకి దారి చోప్ సేసినాను."

చోప్ అంటే ఆ ఊరి మాటలో, తిండి కొనుక్కొచ్చేలోగా కుర్చీ మనదని గుర్తు పెట్టుకోవడం. వారాల తరబడి నేను ఖండించిన భక్తి ఆ ఇంట్లో అసలు లేనే లేదు. నేను బహిరంగ చర్చలో ఒక ఖాళీ కుర్చీని ఓడిస్తూ వచ్చాను. అయినా ఓటమి ఒప్పుకునే పెంపకం కాదు కదా నాది. జనం భయాన్ని వాడుకోవడం కూడా ఆ భయాన్ని పెంచడమే, ఏదో ఒక రోజు అది మీకే అడ్డం తిరుగుతుంది అన్నాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నమాట అది. ఆంటీ చేప ముక్క వేసింది. స్టేషన్‌లో పై అధికారి, ఇంత శుభ్రమైన మెట్లదారి ఎలా సాధ్యమైందో ప్రణాళికలో రాయమన్నాడు, మిగతా బ్లాకులకు పనికొస్తుందని. కంప్యూటరులో కారణాల కోసం నేనే పెట్టిన వర్గాలు నాలుగున్నాయి: నోటీసు, జరిమానా, తొలగింపు, ఖాళీ ఇల్లు. ముగ్గు ఎందులోకీ రాలేదు. ఖాళీగా వదిలేశాను.

ఆ తర్వాత శేషుగారు దిగారు. వరంగల్ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేరు మేనేజరు, మంచివాడు, మెత్తటివాడు, మా అంతస్తులోనే చివరి ఫ్లాటు అద్దెకు తీసుకున్నాడు. మొదటిరోజు సూట్‌కేసులతో మెట్లెక్కి వచ్చి తులసినీ ముగ్గునూ చూసి అక్కడే చెప్పులు విడిచి నమస్కారం పెట్టాడు. పరాయి దేశంలో ఇది చూస్తాననుకోలేదమ్మా అని ఆంటీతో అంటుంటే ఆయన కళ్ళు తడిశాయి. ఆ తడికళ్ళ ముందు, ఇది సైకిళ్ళ కోసం అని చెప్పడానికి ఆంటీకి నోరు రాలేదు. అక్కడే జరిగింది తప్పు. మర్నాడు తులసి ముందు దీపం వెలిగింది. ఆ వారంలో ఒక పటం వచ్చింది. మద్రాసు వెళ్ళొచ్చిన స్నేహితుడి సామానులో రాతి వినాయకుడు వచ్చాడు. ఆయనకు పీట, పీటకు గుడ్డ, గుడ్డ మీద ఇత్తడి గంట. లిమ్ ఆంటీ, ఎవరి దేవుడైతేనేం, ఇంటి పక్కన ఉన్నాడు కదా అని రెండు నారింజ పళ్ళు పెట్టి అగరొత్తులు గుచ్చింది. శుక్రవారం సాయంత్రాలు భజన మొదలైంది. భజనకు పులిహోర వచ్చింది. పులిహోర వాసనకు ఆ చుట్టుపక్కల బ్లాకుల్లో తలా నలుగురు చొప్పున గదులు పంచుకుంటున్న మన సాఫ్ట్‌వేరు బ్రహ్మచారులందరికీ భక్తి పుట్టింది. చోటు చాలక వాళ్ళు మెట్ల మీద వరసగా కూర్చునేవారు, అయిదో అంతస్తు దాకా, ఒళ్ళో పేపరు ప్లేట్లతో.

ఒక దేవుడు పుట్టి పెరిగి ప్రసాదం పంచే స్థాయికి రావడం నేను అంత దగ్గరగా మరెప్పుడూ చూడలేదు. సిద్ధాంతపరంగా నేను గెలిచాను. కానీ ఇంట్లో ఎవరూ నవ్వడం లేదు, నేనూ నవ్వలేకపోయాను. మామ్మకు వానలు మొదలవగానే పిల్లికూతలు ఎక్కువయ్యాయి. అంకుల్ పరిస్థితి మరీ అధ్వానం. పేటంతా తిరిగి సైకిళ్ళు తీయించిన మనిషికి సొంత గుమ్మం ముందు వినాయకుణ్ణి తీయించడానికి చేతులు రాలేదు. నువ్వు మొదలెట్టింది నువ్వే ఆపు అని ఆయన భార్యతో అన్నారు. ఆంటీ, మాట్లాడటం నీకొచ్చు కదా పాపా, నువ్వెల్లు అని నన్ను పంపింది. నేను పూర్తి సన్నాహంతో వెళ్ళాను. శేషుగారు నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, నేను చెప్పిందంతా తల ఊపుతూ విన్నాడు. "మీరు చెప్పింది హండ్రెడ్ పర్సెంట్ కరెక్టు మేడం. దారి క్లియర్‌గనే ఉండాలె," అన్నాడు. తర్వాత, తులసి ఆక్సిజన్ ఇస్తుంది కాబట్టి ఆయాసం ఉన్న పెద్దమ్మకు అది సైంటిఫిక్‌గా మంచిదే అని చెప్పి, డబ్బా నిండా పులిహోర ఇచ్చి పంపాడు. ఎదురు తిరిగేవాణ్ణి ఎలా గెలవాలో నాన్న నేర్పారు గానీ ఒప్పుకునేవాణ్ణి ఎలా గెలవాలో నేర్పలేదు. పులిహోర బాగుంది.

అలా ఒక శుక్రవారం, దీపాలు పెట్టే వేళ, భజన మంచి ఊపులో ఉండగా మామ్మకు ఊపిరి ఆడలేదు. అంకుల్ ఆ రోజు డ్యూటీలో ఉన్నారు. ఆంటీ ఫోను చేసింది. స్టేషన్‌లో గంట మోగినప్పుడు అది తన ఇంటి నంబరే అని ఆయనకు బండి ఎక్కేదాకా తెలియదట. అంబులెన్సు, దాని వెనకే, మోయడానికి మనుషులు కావాలి కాబట్టి, పొట్టి ఎర్రబండి వచ్చాయి. పైకి ఒక్కొక్కరూ బ్రహ్మచారుల భుజాల మధ్యనుంచి ఎలాగో దూరి వచ్చారు. మామ్మకు మాస్కు పెట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, బెల్టులు బిగించి, కారిడారులోకి తెచ్చి ఆగిపోయారు. ఎదురుగా పీట, వినాయకుడు, నూనె దీపాలు, ముడుచుకు కూర్చున్న ఆడవాళ్ళు, ఆ వెనక మెట్లనిండా జనం. అందరూ లేచి నిలబడ్డారు. లేవడం వల్ల ఇంకా ఇరుకైంది. కొందరు పైకి, కొందరు కిందికి, ప్లేట్లు పట్టుకుని.

రహీమ్ వినాయకుడి ముందు ఆగి, ఎవరిని అడగాలో తెలియక అందరినీ చూశాడు. "దిస్ వన్ కెన్ మూవ్ ఆర్ నాట్?" అన్నాడు చాలా మర్యాదగా. ఒకావిడ, హారతి అయ్యేదాకా స్వామిని కదపకూడదంది. శేషుగారు చేతులు నలుపుకుంటూ, ఒక్క రెండు నిమిషాలు, హారతి ఇచ్చేస్తాం అన్నాడు. పైడమ్మ ఆంటీ ముందుకొచ్చి, ఇది గుడి కాదు, సైకిళ్ళు పెట్టకుండా తాను వేసిన కోలం అని అందరికీ వినపడేలా చెప్పేసింది. ఇన్నాళ్ళు దాచిన నిజం. దాన్ని ఎవరూ నమ్మలేదు. ఎంత వినయమండీ ఈవిడకు, అమ్మవారే ఆమె చేత వేయించింది అని ఆ హారతి ఆవిడ కళ్ళకద్దుకుంది. నేను మనిషి ప్రాణం గురించి, హేతుబుద్ధి గురించి గట్టిగా రెండు వాక్యాలు అన్నాను. అందరూ తలలు ఊపారు. ఎవరూ కదల్లేదు. కదలాలని లేక కాదు. ఎటు కదలాలో చెప్పేవాళ్ళు లేక. అంకుల్ తన తల్లి కూర్చున్న కుర్చీ వెనక పిడి పట్టుకుని నిలబడి నావైపు చూశారు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఎన్ని తలుపులు పగలగొట్టారో ఆయన. ఈ తలుపు పగలదు.

మామ్మ పెదవుల రంగు మారుతోంది. అప్పుడు నా నోటినుంచి ఒక మాట వచ్చింది. నాన్న విని ఉంటే చెంచాతో గ్లాసు కాదు, నా తల మోగించేవారు.

"ఊరేగింపు," అన్నాను. "మా తెనాలి వైపు ఇదే ఆచారం. శుక్రవారం పూట పెద్దవాళ్ళకు ప్రాణం మీదికొస్తే స్వామి ముందు దిగాలి. దీపం ముందు, స్వామి దాని వెనక, మనిషి ఆ వెనక. నేల దాకా ఆగకూడదు. స్వామి దిగుతుంటే మెట్ల మీద ఎవరూ నిలబడకూడదు, అందరూ ఆయన ముందే దిగిపోవాలి."

శేషుగారు నా ముఖంలోకి చూశాడు. ఆయన అడిగింది ఒకటే. "చెప్పులు మేడం?"

"లేకుండా," అన్నాను, వేదం చదివినట్టు.

ఆ తర్వాత జరిగిందానికి నేను బాధ్యురాలినే గానీ కారణం చెప్పలేను. అడ్డంగా నిలబడ్డ గుంపు వరసయింది. మెట్ల మీదివాళ్ళు కిందికి తిరిగారు. దీపం పట్టుకుని ఒకావిడ, రాతి వినాయకుణ్ణి గుండెకు హత్తుకుని శేషుగారు, పీట ఒకరు, గంట ఒకరు, తులసి కుండీ ఎవరో బ్రహ్మచారి నెత్తిన, పాట అందుకుని దడదడా దిగిపోయారు. మెట్లు ఖాళీ. ముగ్గు మీద నలుగురు బూట్లతో నడిచి కుర్చీని దించారు. లిమ్ ఆంటీ ముందు స్వామికీ తర్వాత మామ్మకూ, ఇద్దరికీ, చేతులు జోడించింది. అయిదో అంతస్తులో లిఫ్టు తలుపు మూసుకుంటుండగా మామ్మ ఒక కన్ను తెరిచి, మాస్కు కిందనుంచి కొడుకుతో, "ఈ పిల్లకి దేవుడి మీద నమ్మకం నేదన్నావు కదరా," అంది. అంకుల్, "మాటాడకు అమ్మా, గాలి పీల్చు," అన్నారు. స్వామి ఇంకా మూడో అంతస్తులో ఉండగానే అంబులెన్సు వెళ్ళిపోయింది.

మామ్మ కొన్నాళ్ళకు ఇంటికి వచ్చి, ఆసుపత్రి గంజి బాగాలేదని ఏడాది పాటు చెప్పింది. ఆ తర్వాత కూడా చాలాకాలం బతికింది. వినాయకుడు శేషుగారి ఇంట్లోకి మారాడు, అంకుల్ అడగకుండానే. కానీ మరుసటి ఏడు అదే నెలలో శుక్రవారం నాడు శేషుగారు వచ్చి, ఊరేగింపు ఏ వేళకు మొదలెట్టాలో నన్ను అడిగాడు. అది ఆచారం కాదని, నేను అప్పటికప్పుడు కల్పించానని చెప్పాను. ఆయన నవ్వి, మీరు బయటికి అట్లంటరు గని అన్నాడు. అంకుల్ మాత్రం ఆలోచించి ఒక షరతు పెట్టారు. స్వామి దిగాలంటే ముందురోజు ఆరో అంతస్తునుంచి కింది దాకా మెట్లమీద చెప్పుల అర కూడా ఉండకూడదు. నోటీసులకు జరగని పన్నెండు ఇళ్ళ సామాను ఆ ఒక్క మాటకు జరిగింది. ఆ సంవత్సరం నా కంప్యూటరు తెరమీద మా బ్లాకులో ఎర్ర చుక్క ఒక్కటీ లేదు. కారణాల వర్గంలో అయిదోది చేర్చాను. దాని పేరు ఇక్కడ రాయను. మా హేతువాద సంఘం వాళ్ళు ఇది చదువుతారు.

కిందటేడు నేను ఫైర్ స్టేషన్ చూసిన సాయంత్రం ఆ బ్లాకుకు కూడా వెళ్ళాను. అంకుల్‌కు ఎనభై దాటింది, వినికిడి తగ్గింది. ఆంటీ చేప వండింది. ఇప్పుడు లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగుతుంది, మంచం పట్టేంత వెడల్పు. ఎవరినీ ఎవరూ మోయనక్కర్లేదు. మనుషుల కోసం పుట్టిన ఏర్పాటు అవసరం తీరగానే తప్పుకోవాలి, తప్పుకోకపోతే అదే మూఢాచారం అని నేను ముప్పై ఏళ్ళుగా రాస్తున్నాను, ఉపన్యాసాలిస్తున్నాను. కానీ ఇక్కడ ఏదీ తప్పుకోలేదు. శుక్రవారం కాకపోయినా ఆ రోజు ఊరేగింపు. జనం సెలవు కోసం శనివారానికి మార్చుకున్నారట. కింద పొట్టి ఎర్రబండి ఒకటి కాపలాగా నిలబడి ఉంది. ఉత్సవం స్టేషన్ ప్రమాద ప్రణాళికలోకి ఎక్కిందని రహీమ్ కొడుకు, వాడూ ఇప్పుడు అక్కడే సార్జెంటు, చెప్పాడు.

నేను లిఫ్టు వదిలేసి, పాత జ్ఞాపకం కొద్దీ మెట్లెక్కుతున్నాను. పైనుంచి గంట వినపడుతోంది. మలుపులో పసుపు కండువా వేసుకున్న ఒక కుర్రవాడు చెయ్యి అడ్డం పెట్టాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు, తెలుగు కష్టపడి మాట్లాడుతున్నాడు. ఇది ఆంధ్రాలో వెయ్యేళ్ళనాటి ఆచారమని, స్వామి దిగేటప్పుడు దారిలో నిలబడితే ఇంట్లో పెద్దవాళ్ళ ఆరోగ్యానికి మంచిది కాదని నాకు ఓపికగా వివరించాడు. బాబూ, అది నేనే, ఇక్కడే, అసలు కారణం ఏమిటంటే, అని నేను మొదలుపెట్టాను. ఎంత కాలం నుంచి దాచిన ఉపన్యాసమో అది. పై మెట్టు మీద దీపం కనపడింది.

"ఆంటీ, ఆఫ్టర్ టెల్ మీ లా," అన్నాడు వాడు, తర్వాత చెప్పమని, ఆ ఊరి ఇంగ్లీషులో. "ఇప్పుడు దారి వదలాలి."

వాడి మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. దారి వదలాలి. చెప్పులు చేతపట్టుకుని గోడవారకు జరిగాను.